ఒక ఐసు ఫ్యాక్టరీ, మూడు సంగీతాలు

సినిమా సంగీతమనగానే మన విమర్శ పాటల దగ్గర ఆగిపోతుంది. పాట ఎవరు రాశారు, ఏ రాగంలో కట్టారు, ఎవరు పాడారు అన్నంత వరకే చర్చ. పాటలు పోగా మిగిలిన సంగీతం, సినిమావాళ్లు రీరికార్డింగ్ అనేది, రెండున్నర గంటలసేపు మన చెవుల్లో పడుతూనే వుంటుంది. దాని గురించి సమీక్షలో ఒక్క వాక్యం వస్తే గొప్ప. అదైనా "బాగుంది" అనో, "చెవులు హోరెత్తాయి" అనో వుంటుంది. సాహిత్యాన్ని వస్తువుగా, శిల్పంగా, దృక్పథంగా విడదీసి చూడటం నేర్చుకున్న మనం యీ సంగీతాన్ని మాత్రం కథకు పట్టించిన రంగులా భావించి వదిలేస్తున్నాం.

నా వుద్దేశంలో అది రంగు కాదు, వ్యాఖ్యానం. మన మెదక్ సీమకు చెందిన మల్లినాథసూరి లేకుండా కాళిదాసును చదివే విద్యార్థి చాలా అరుదు. శ్లోకం కాళిదాసుదే, కానీ ఎక్కడ ఆగాలో, దేన్ని ప్రధానంగా పట్టుకోవాలో, ఏ మాటను ఏ అర్థంలో తీసుకోవాలో వ్యాఖ్యాత చెబుతాడు. నేపథ్య సంగీతం చేసే పని కూడా అదే. తెరమీద ఒక మనిషి చెయ్యెత్తాడు. అది దుఃఖమా, వీరమా, వినోదమా అన్నది చాలాసార్లు ఆ చెయ్యి చెప్పదు, వెనకాల వాయిద్యం చెబుతుంది. ఒకే శ్లోకానికి ఇద్దరు వ్యాఖ్యాతలు వుంటే పోల్చి చూసుకోవచ్చు. సినిమాలో ఆ అవకాశం సాధారణంగా వుండదు. బొమ్మ ఒకటే, సంగీతం ఒకటే; రెండూ అతుక్కుని మన ముందుకు వస్తాయి.

అరుదుగా ఆ అవకాశం కలిగించే సినిమాల్లో ఒకటి హాంకాంగ్‌లో తయారైన "ది బిగ్ బాస్". బ్రూస్‌లీ పెద్దవాడయ్యాక అక్కడ కథానాయకుడుగా నటించిన మొదటి పూర్తి నిడివి చిత్రం అది. 1971 అక్టోబరు చివర విడుదలైంది. దర్శకుడు లో వెయి. తీసింది గోల్డెన్ హార్వెస్ట్ సంస్థ. షా బ్రదర్స్ అనే పెద్ద సంస్థ నుంచి బయటికి వచ్చి రేమండ్ చౌ 1970లో ఆ సంస్థను స్థాపించాడు. సుమారు లక్ష అమెరికన్ డాలర్ల చిన్న పెట్టుబడితో థాయిలాండ్‌లోని పాక్‌చాంగ్ అనే వూళ్లో చిత్రీకరణ జరిగింది. ఒక్క హాంకాంగ్‌లోనే ముప్ఫై రెండు లక్షల హాంకాంగ్ డాలర్లు వసూలయ్యాయి. అంతకుముందు అక్కడి వసూళ్ల రికార్డు "ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్" అనే సంగీత చిత్రానిదట. యీ సినిమాకు మూడు వేరువేరు సంగీతాలున్నాయి. 1971 నాటి మాండరిన్ కూర్పుకు వాంగ్ ఫూలింగ్, పశ్చిమ దేశాలకు పంపిన ఇంగ్లీషు కూర్పుకు జర్మన్ సంగీతకారుడు పీటర్ థామస్, 1983 నాటి కాంటనీస్ కూర్పుకు జోసెఫ్ కూ వాటిని సమకూర్చారు. బొమ్మలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. వ్యాఖ్యాతలు ముగ్గురు. వాళ్లను నియమించిన కాలాలూ మార్కెట్లూ వేరు.

ముందు కథ చూద్దాం. చైనా నుంచి ఒక యువకుడు థాయిలాండ్‌కు పొట్ట చేతబట్టుకుని వస్తాడు. అక్కడ అతని బంధువులు ఒకే యింట్లో కలిసి వుంటూ ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. కొట్లాటలకు పోనని తల్లికి మాట యిచ్చాడు; దానికి గుర్తుగా మెడలో పచ్చరాయి పతకం వుంది. ఒకరోజు ఐసు దిమ్మ పగిలి లోపల దాచిన మత్తుమందు బయటపడుతుంది. అది చూసిన యిద్దరు కార్మికులు ఆ రాత్రే మాయమౌతారు. వాళ్ల సంగతి యజమానిని అడగబోయినవాళ్లూ తిరిగిరారు. మనుషుల జాడ చెబితే తప్ప పనిలోకి దిగమని కార్మికులు భీష్మించుకుంటారు. యాజమాన్యం గూండాలను దించుతుంది. ఆ కలబడటంలో పతకం తెగి పగిలిపోతుంది; అప్పుడు గానీ కథానాయకుడు చెయ్యి ఎత్తడు.

ఆ తరువాత జరిగేదే యీ సినిమాలో నాకు అన్నిటికంటే విలువైన ఘట్టం. యాజమాన్యం అతన్ని శిక్షించదు, మేస్త్రీని చేస్తుంది. విందుకు పిలిచి తాగిస్తుంది. నిన్నటిదాకా భుజం కలిపినవాళ్లు యివాళ అతన్ని అనుమానంగా చూస్తారు. పని ఆపిన ఐక్యత ఒక్క పదోన్నతితో చెదిరిపోతుంది. ఏ కార్మికవాడలోనైనా తెలిసిన యీ కిటుకును ఒక కొట్లాటల సినిమా యింత సూటిగా చెప్పటం మామూలు సంగతి కాదు. చివరకు శవాలు ఐసు దిమ్మల్లో దొరుకుతాయి, యింట్లోని బంధువులు హతమౌతారు, కథానాయకుడు ఒంటరిగా యజమాని మీద పగ తీర్చుకుని పోలీసులకు లొంగిపోతాడు. సమష్టి సమస్యకు ఒంటరి పిడికిలి పరిష్కారం కావటం యీ సినిమా పరిమితి. ఆ పరిమితి కథలోనే వుంది కనుక మూడు సంగీతాల్లో దేనిమీదా ఆ నింద మోపలేం.

పేర్లను కూడా గమనించాలి. చైనా భాషలో దీని పేరు "తాంగ్‌షాన్ పెద్దన్న" అని అర్థం వచ్చేది. తాంగ్‌షాన్ అన్నది విదేశాలకు వలసపోయిన చైనీయులు తమ మాతృదేశాన్ని పిలుచుకునే పేరు. అంటే యిది వలసవాళ్ల కళ్లతో పెట్టిన పేరు. మన వూరి నుంచి వచ్చిన అన్న అని అర్థం. ఇంగ్లీషు పేరు "ది బిగ్ బాస్". అందులో అన్న పోయి యజమాని మిగిలాడు. జర్మనీలో "చెంగ్ లీ మృత్యుముష్టి" అనే అర్థంతో పెట్టారు. అమెరికాలో "ఫిస్ట్స్ ఆఫ్ ఫ్యూరీ". అక్కడ అన్నా లేడు, యజమానీ లేడు, పిడికిళ్లే వున్నాయి. పేరులో వచ్చిన యీ మార్పే సంగీతంలో కూడా వచ్చిందని నా ప్రతిపాదన.

అసలు ఒక సినిమా సంగీతాన్ని చొక్కా మార్చినట్టు మార్చటం ఎలా సాధ్యమైంది? దీనికి జవాబు వాళ్ల ఉత్పత్తి విధానంలో వుంది. ఆనాటి హాంకాంగ్ సినిమాలు షూటింగు సమయంలో శబ్దం పట్టేవి కావు. బొమ్మ మూగగా తీసి, మాటలూ దెబ్బల చప్పుళ్లూ సంగీతమూ అన్నీ తరువాత స్టూడియోలో కలిపేవారు. నటులు వేరువేరు మాండలికాలు మాట్లాడేవాళ్లు. తెరమీద వినిపించే గొంతులు చాలాసార్లు వాళ్లవి కావు. కాంటనీస్ మాట్లాడే బ్రూస్‌లీ యీ సినిమాలో మాండరిన్ మాట్లాడటం మరొకరి గొంతుతోనే. యీ పద్ధతిలో ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ, పైగా ఏ దేశానికి ఏ భాష కావాలంటే ఆ భాష తొడగవచ్చు. శబ్దం బొమ్మకు పుట్టుకతో వచ్చింది కాదు కనుక దాన్ని విడదీయటానికి ఎవరికీ సంకోచం కలగలేదు. సంగీతకారుడి శ్రమ కూడా అదే లెక్కలోకి వచ్చింది. ఆ రోజుల్లో అక్కడి స్టూడియోలు లండన్‌లోని డి వోల్ఫ్ వంటి సంస్థలు ముందే రికార్డు చేసి అమ్మే తయారీ సంగీతాన్ని కూడా విరివిగా వాడుకునేవి. ఒక సినిమా కోసం పుట్టని సంగీతం పది సినిమాల్లో వినిపించేది.

అయితే శబ్దానికీ కొట్లాటకూ వున్న సంబంధం సినిమా కంటే పాతది. పెకింగ్ ఓపెరాలో తాళాలూ జేగంటలూ డప్పులూ నటుడి అడుగును నడిపిస్తాయి. కత్తి తిప్పటం, ఎగరటం, చూపు నిలపటం అన్నీ ఆ దరువు మీదే. మన వీధిభాగవతంలో మద్దెల దెబ్బకూ పాత్రధారి అడుగుకూ వున్న బాంధవ్యం వంటిదే యిది. హాంకాంగ్ సినిమాల్లో పోరాటాలు కూర్చినవాళ్లలో చాలామంది ఓపెరా శిక్షణలో ఎదిగినవాళ్లు. "ది బిగ్ బాస్"లో యజమాని పాత్ర వేసి, పోరాటాలు కూడా కూర్చిన హాన్ యింగ్‌చే అటువంటివాడే. కనుక యీ సినిమాలో దేహాల కదలికలో ఒక దరువు ముందే వుంది. దానిమీద ఏ వాయిద్యం పెట్టినా అది ఆ దరువుతో కలిసి నడవాలి, లేదా దాన్ని అణచివేయాలి.

మొదటి వ్యాఖ్యాత వాంగ్ ఫూలింగ్. 1961లో "లవ్ వితౌట్ ఎండ్" చిత్రానికి ఆయన కట్టిన పాట చైనా భాష వినపడే ప్రతిచోటికీ వెళ్లింది. 1967 నాటి "ఒన్ ఆర్మ్‌డ్ స్వోర్డ్స్‌మన్" అనే కత్తియుద్ధాల చిత్రానికీ ఆయనదే సంగీతం. అటు విరహగీతం, యిటు రణరంగం రెండూ తెలిసినవాడు. మాండరిన్ సినిమాల సంగీతం 1949 తరువాత షాంఘై నుంచి హాంకాంగ్ చేరిన కళాకారులు నిలబెట్టిన సంప్రదాయం. అది శుద్ధ చైనా సంగీతం కాదు. పాశ్చాత్య తంత్రీవాద్యాలూ స్వదేశీ దరువులూ కలిసిన నగర సంగీతం. దాని శ్రోతలు హాంకాంగ్‌తోపాటు తైవాన్, సింగపూరు, మలేషియా, థాయిలాండ్ వరకూ చెదిరిన చైనీయులు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే బంధువుల కథ వాళ్లకు కల్పన కాదు. వాళ్ల యిళ్లలో జరిగినదే. అందుకని వాంగ్ సంగీతం కథను దాటి ముందుకు దూకదు. కొట్లాట లేనిచోట కూడా మనుషుల మధ్య నిలబడుతుంది. నేను మాండరిన్ కూర్పు చూసినప్పుడు పిడికిలి కంటే ఆ యిల్లు ఎక్కువ గుర్తుండిపోయింది. ఆ యింటి బరువు మనకు తెలిస్తేనే పతకం పగిలినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

హాంకాంగ్ ప్రేక్షకుడికి యింకొక జ్ఞాపకం కూడా వుంది. 1967 మే నెలలో సాన్‌పోకాంగ్ ప్రాంతంలోని ఒక ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలో తలెత్తిన కార్మిక వివాదం బ్రిటిష్ పాలన మీద నెలల తరబడి సాగిన అల్లర్లకు నాంది అయింది. అది జరిగి అయిదేళ్లు కాలేదు. తెరమీద కార్మికులు పని ఆపి నిలబడితే హాలులోని ఫ్యాక్టరీ కుర్రవాడికి ఏమి తోచివుంటుందో ఊహించటం కష్టం కాదు.

రెండవ వ్యాఖ్యాత పీటర్ థామస్. 1925లో అప్పటి జర్మనీలోని బ్రెస్లౌలో పుట్టి 2020లో చనిపోయాడు. ఎడ్గార్ వాలెస్ అపరాధ కథల చిత్రాలకూ, 1966లో జర్మన్ టెలివిజన్‌లో వచ్చిన "రౌంపత్రూయే" అనే అంతరిక్ష ధారావాహికకూ సంగీతం యిచ్చి పేరు పొందినవాడు. అపరాధ పరిశోధనా, గూఢచర్యం, వేగం ఆయన రంగం. 1973లో అమెరికాలో కుంగ్‌ఫూ సినిమాల వెల్లువ వచ్చింది. ఆ వెల్లువకు తలుపు తీసినదిగా చెప్పే "ఫైవ్ ఫింగర్స్ ఆఫ్ డెత్"లో క్విన్సీ జోన్స్ ఒక అమెరికన్ టెలివిజన్ ధారావాహిక కోసం కట్టిన బాణీ ముక్క వినిపిస్తుంది. అంటే పశ్చిమ మార్కెట్టు చెవికి ఏది తెలుసో అదే వినిపించాలన్న లెక్క అప్పటికే స్థిరపడింది. "ది బిగ్ బాస్"ను ఆ మార్కెట్టుకు సిద్ధం చేసినప్పుడు కొత్త గొంతులతో ఇంగ్లీషు మాటలు పెట్టారు, వాంగ్ సంగీతాన్ని పక్కన పెట్టి థామస్ చేత కొత్తగా చేయించారు.

థామస్ ప్రతిభను తక్కువ చేయనక్కర్లేదు. ఇత్తడి వాయిద్యాల గర్జనా, జాజు బ్యాండు నడకా, ఉరవడీ వున్న సంగీతం అది. విడిగా వింటే హుషారు పుట్టిస్తుంది. కానీ ఆయన వ్యాఖ్యానం ఎవరి కోసం? అన్నను ఎరగని, తాంగ్‌షాన్ అన్న మాటకు అర్థం తెలియని ప్రేక్షకుడి కోసం. ఆ ప్రేక్షకుడికి కావలసింది రాబోయే దెబ్బ. సంగీతం అతన్ని దెబ్బ నుంచి దెబ్బకు చేరవేస్తుంది. మధ్యలో వున్నవి, అంటే అన్నం తినటం, పనికి పోవటం, తిరిగిరాని మనిషి కోసం ఎదురుచూడటం, వేచివుండే గదులుగా మారిపోతాయి. వలసకార్మికుడి కథ గూఢచారి కథ లయలో నడుస్తుంది. మాండరిన్ కూర్పులో యజమాని ఎదురుగా నిలబడిన కార్మికుల గుంపు ఒక పాత్ర. ఇంగ్లీషు కూర్పులో అది కథానాయకుడి వెనక నేపథ్యం. బొమ్మలో ఒక్క మనిషీ చోటు మారలేదు. మన చూపు మారింది.

యిది స్వదేశీ, విదేశీ సంగీతాల తగాదా కాదు. అలా అనుకుంటే వాంగ్ తంత్రీవాద్యాలనూ తప్పు పట్టవలసి వస్తుంది. ఒక జర్మన్ సంగీతకారుడు వలసవాడి దుఃఖాన్ని పట్టుకోలేడనీ నేననను. అయితే ఆయనకు అప్పగించిన పని అది కాదు. శ్రమ చేయించుకునేవాడి అవసరం శ్రమ రూపాన్ని నిర్ణయిస్తుందన్న సూత్రం కళకు కూడా వర్తిస్తుంది. మనం విమర్శించవలసింది సంగీతకారుడి జాతిని కాదు, అతని చేత వ్యాఖ్యానం రాయించిన మార్కెట్టును.

మూడవ కూర్పు రావటానికి మధ్యలో భాషకు సంబంధించిన చరిత్ర వుంది. హాంకాంగ్ జనంలో అత్యధికులు మాట్లాడేది కాంటనీస్. కానీ 1970ల మొదట్లో అక్కడి సినిమా దాదాపు పూర్తిగా మాండరిన్‌లోకి వెళ్లిపోయింది. తమ నగరంలో తయారైన బొమ్మను జనం తమ భాషలో వినలేక, అడుగున పడే అక్షరాలు చదువుకుంటూ చూశారు. 1973లో "ది హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్" అనే కాంటనీస్ చిత్రం వచ్చింది. యింటి యజమాని దాష్టీకానికి ఎదురు నిలిచే అద్దెవాళ్ల హాస్య కథ అది. ఆ ఏడాది హాంకాంగ్ వసూళ్లలో బ్రూస్‌లీ "ఎంటర్ ది డ్రాగన్"నే మించిపోయింది. 1974లో ఇంగ్లీషుతోపాటు చైనా భాషకు ప్రభుత్వ భాష హోదా దక్కింది. కొన్ని సంవత్సరాల్లో కాంటనీస్ మళ్లీ తెరను ఆక్రమించుకుంది.

ఆ మార్పుకు సంగీతంలో ముఖ్య ప్రతినిధుల్లో జోసెఫ్ కూ ఒకడు. అమెరికాలోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదువుకుని వచ్చాడు. బ్రూస్‌లీ తరువాతి చిత్రాలు "ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ", "వే ఆఫ్ ది డ్రాగన్" 1972లో వచ్చాయి. వాటికి సంగీతం ఆయనదే. 1979 నాటి "లయన్ రాక్ కింద" అనే టెలివిజన్ పాటను ఆయన కట్టాడు. పేదవాడల మనుషుల ధారావాహికకు కట్టిన ఆ పాట హాంకాంగ్ ప్రజల గుండెపాట అయింది. 2023లో చనిపోయాడు. బ్రూస్‌లీ 1973 జూలై 20న ముప్ఫై రెండేళ్లకే మరణించాడు. పదేళ్ల తరువాత, 1983లో, "ది బిగ్ బాస్"ను కాంటనీస్ మాటలతో మళ్లీ విడుదల చేసినప్పుడు కూ సంగీతం వచ్చి చేరింది.

అన్న ఎట్టకేలకు తన భాష మాట్లాడాడు, సరే. సంగీతం ఏమి మాట్లాడింది? అందులో కూ కట్టినవి కొన్ని, థామస్ సంగీతం నుంచి నిలుపుకున్నవి కొన్ని. పింక్ ఫ్లాయిడ్, కింగ్ క్రిమ్సన్ అనే బ్రిటిష్ రాక్ బృందాల రికార్డుల నుంచి తెచ్చి అతికించిన ముక్కలు యింకొన్ని. మాట సొంతం, సంగీతం అతుకుల బొంత. దీన్ని హాస్యాస్పదమని కొట్టిపారెయ్యటం తేలిక. కానీ 1983 నాటి హాంకాంగ్ చెవి నిజంగానే అలా తయారైంది. రేడియోలో బ్రిటిష్ రాక్, టెలివిజన్‌లో కాంటనీస్ పాట, హాలులో తూటాల మోత. 1971లో వలసకార్మికుడి కథ చూసిన ప్రేక్షకుడు పన్నెండేళ్లలో నగరవాసి అయ్యాడు, అతని పిల్లలు రికార్డులు కొంటున్నారు. యీ మూడవ వ్యాఖ్యానం ఐసు ఫ్యాక్టరీ గురించి కంటే చనిపోయిన నటుడి గురించి ఎక్కువ చెబుతుంది. కథలోని అన్న స్థానంలో పోస్టరు మీది వీరుడు నిలబడ్డాడు.

యీ చర్చ మనకెందుకంటే, మనదీ డబ్బింగుల దేశం. తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రంగా చెప్పే "ఆహుతి" 1950లో వచ్చింది. దానికి మాటలూ పాటలూ రాసినవాడు శ్రీశ్రీ. పెదవుల కదలికకు మాటను కూర్చటం ఎంత కష్టమో ఆ మహాకవికి తెలుసు. ఆనాటి నుంచి యీనాటి వరకు మనం డబ్బింగును భాష సమస్యగా మాత్రమే చూశాం. అనువాదం సహజంగా వుందా, పెదవి కలిసిందా అని అడిగాం. మాటతోపాటు వెనక సంగీతం ఏమైందని అడగలేదు. మాటా సంగీతమూ ఒకే పట్టీమీద కలిపేసి వుంటే, మాట తీసినచోట సంగీతమూ పోతుంది. పోయినదాన్ని పూరించేవాడు తన లెక్క ప్రకారం పూరిస్తాడు. కథా, మాటలూ అనువాదమైనట్టే దృక్పథం కూడా అనువాదమౌతుంది. దానిమీద అనువాదకుడి పేరుండదు.

సాహిత్య విద్యార్థులకు పాఠభేదాలు కొత్త కాదు. వేమన పద్యానికి ఎన్ని ప్రతులున్నాయో, ఏ ప్రతిలో ఏ పాదం మారిందో పరిశీలించాకే అర్థం చెప్పటం మనకు పెద్దలు నేర్పిన క్రమశిక్షణ. సినిమాను గురించి రాసేటప్పుడు కూడా ఆ క్రమశిక్షణ పాటించాలని నా విజ్ఞప్తి. నేను చూసినది ఏ దేశం కూర్పు, ఏ సంవత్సరానిది, ఎవరి సంగీతంతో అన్నది వ్యాసం మొదటే చెప్పాలి. "ది బిగ్ బాస్"లో వర్గ చైతన్యం వుందనో లేదనో తీర్పు యిచ్చేవాడు ఏ కూర్పును విని ఆ తీర్పు యిచ్చాడో మనకు తెలియాలి.

యిప్పుడు యీ సినిమా దొరికే డిస్కుల్లో మాండరిన్, ఇంగ్లీషు, కాంటనీస్ శబ్దాలను ఒకేచోట పెడుతున్నారు. భాష ఎంచుకోమని తెరమీద అడుగుతుంది. భాషతోపాటు సంగీతం కూడా మారుతుందని మాత్రం చెప్పదు. ఆసక్తి వున్న విద్యార్థి ఒక పని చేయవచ్చు. కార్మికులు పని ఆపి నిలబడే ఘట్టాన్నీ, కథానాయకుణ్ణి మేస్త్రీని చేసే ఘట్టాన్నీ మూడు శబ్దాలతో మూడుసార్లు చూడాలి. మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదు. ప్రతిసారీ తన కళ్లు గుంపుమీద నిలిచాయా, ఒక్కడి మీదే నిలిచాయా అన్నది కాగితం మీద రాసుకోవాలి. నేపథ్య సంగీతం మీద మన భాషలో విమర్శ ఆ కాగితం నుంచి మొదలుకావచ్చు.